ఐదో చేప

మామగారు రంపం మెషీను ప్లగ్గు పీకేసి, వైరును మోచేతికి చుట్టడం మొదలుపెట్టారు.

"సాయంత్రం మెకానిక్ వస్తాడు. దీన్ని పట్టుకుపొమ్మన్నాను," అన్నారు.

కోడలి చేతిలోని గరుకు కాగితం ఆగిపోయింది. "ఎందుకు మామయ్యా?"

ఆయన బల్లమీద నాలుగు టేకు చేపల్ని ఒకదానిపై ఒకటి పేర్చారు. పొద్దున షాపువాడు తిప్పి పంపినవి. పై చేప తోక విసనకర్రలా విచ్చుకుని ఉంది. కిందికి వచ్చేకొద్దీ సన్నబడుతూ, నాలుగోదాని తోక ఓ పక్కకు లాక్కుపోయింది.

"నాలుగు పలకల్ని దొంతరగా అంటించి ఒకే కోతలో కోస్తే నాలుగూ కవలల్లా రావాలి. మధ్యలో వెంట్రుక దూరకూడదు. ఇవి కవలలా? దాయాదులు."

"బ్లేడు మార్చి చూడకపోయారా?" అంది గుమ్మంలో నిలబడ్డ అత్తగారు.

"మూడు మార్చాను. బ్లేడు వంగడానికి రెండే కారణాలు. దొంతర లావన్నా అయ్యుండాలి, చెయ్యి పక్కకన్నా నొక్కుతుండాలి. దొంతర లావెంతో నాకు తెలుసు. ఇక మిగిలింది చెయ్యే."

తన కుడిచేతిని పరాయివాళ్ళ వస్తువులా అటూ ఇటూ తిప్పి చూసుకుని, చొక్కాకు తుడుచుకున్నారు.

కోడలు తల వంచుకుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలైనా తడుముకుంటారు. ఆమెకు చెయ్యి కూడా లేవలేదు.

దొంతరలో ఉండేది నాలుగు కాదు, ఐదు. మూడు నెలలుగా ఐదే. మామగారు పలకలు చిత్రిక పట్టి, రెండువైపులా అంటుకునే టేపుతో దొంతర కట్టి, పైన చేప బొమ్మ కాగితం అతికించి, టీకి లోపలికి వెళ్ళేవారు. ఆ సందులో ఆమె పలకల గుట్టలోంచి ఇంకొకటి తీసి అడుగున అంటించేది. కోత అయ్యాక దొంతర విడదీసి నునుపు చేసే పని ఆమెదే. అందుకని ఐదో చేప ఎవరి కంటా పడకుండా సంచిలోకి ఈదేది.

అక్కణ్ణుంచి రెండు వీధుల అవతల, మంచం దిగలేని తల్లి దగ్గరికి. తల్లి తలమీద దారాలకు పదకొండు చేపలు వేలాడుతున్నాయి. ఫ్యాను గాలికి అవి కదిలితే ఆవిడ కళ్ళు వాటి వెంట తిరుగుతాయి. ఆవిడలో ఇంకా తిరిగేవి ఆ కళ్ళే. "ఈమధ్య తెచ్చినవి ఒక పక్కకు ఒరిగి ఈదుతున్నాయేమే?" అని మొన్న అడిగింది కూడా.

అడిగి తీసుకోవచ్చు. కానీ పెళ్ళైన కొత్తలో అమ్మకు గిన్నెలో కూర పట్టుకెళ్తుంటే "పుట్టింటికి మోసే చెయ్యి ఊరికే ఉండదు" అని అత్తగారు అన్న మాట ఇంకా చెవిలోనే కాపురం ఉంది.

"పోనిద్దురూ," అంది అత్తగారు. "ముప్పై ఏళ్ళు కోశారు. వల వేసేవాళ్ళు కూడా ఇన్ని చేపల్ని పట్టి ఉండరు."

"వల చిరిగినవాణ్ణి వలవాడనరే."

"మెకానిక్కుకి కూడా కలిపి టీ పెడతాను," అని అత్తగారు లోపలికి వెళ్ళిపోయింది.

మామగారు బ్రష్షు తీసుకుని మెషీను మెడమీద పొట్టు దులపసాగారు. సంతకు తోలే ముందు ఆవును కడిగినట్టుంది ఆ వాలకం. కోడలు ఇక చూడలేకపోయింది.

"దాన్ని ఇవ్వకండి మామయ్యా."

"ఎందుకమ్మా, నీకూ పొట్టు ఊడ్చే బాధ తప్పుతుంది."

"తప్పు మీ చేతిది కాదు. నాది."

సంచిలోంచి ఐదో చేపను తీసి బల్లమీద పెట్టింది. ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేసింది. టీ వేళ, అడుగు పలక, అమ్మ మంచం, అన్నీ. "నా వల్లే దొంతర లావెక్కింది. అందుకే బ్లేడు వంగింది. మీ చెయ్యి బంగారం మామయ్యా. ప్లగ్గు పెట్టండి. రేపట్నుంచి నాలుగే."

తిట్టినా సరే, అత్తగారికి చెప్పినా సరే, ఆ మెషీను ఇంట్లో ఉంటే చాలనిపించింది. మూడు నెలల తర్వాత మొదటిసారి ఆయన ముఖంలోకి సూటిగా చూడగలిగింది.

ఆయన చేపను తీసుకుని బొటనవేలితో వీపు నిమిరారు.

"చూస్తోందా మీ అమ్మ?"

"పొద్దస్తమానం."

"మొదటిరోజే తెలిసింది నాకు. రంపం గొంతు మారింది. ముప్పై ఏళ్ళుగా వింటున్న గొంతాయె."

"మరి అడగలేదేం?"

"అడిగితే మానేస్తావని."

ఆయన లేచి కిటికీ దగ్గరికి నడిచారు. మెషీను కొన్ననాటి మొదటి కోత చేపలు నాలుగు అక్కడ మేకులకు వరసగా ఉన్నాయి. వాటిని దింపి బల్లమీద పేర్చారు. షాపు నుంచి తిరిగొచ్చిన నాలుగింటిమీద కోడలి ఐదో చేపను పెట్టి, ఆ దొంతరను వాటి పక్కకు జరిపారు. రెండిటిమీదా అడ్డంగా స్కేలు పెట్టారు.

స్కేలు ఎటూ ఒరగలేదు. ఆ నాలుగూ ఈ ఐదూ ఒకే ఎత్తు.

కోడలు కళ్ళప్పగించి చూసింది. ఆ ఐదూ తను ఈ చేతుల్తో నునుపు చేసినవే. దొంగతనం మీద ఉన్న ధ్యాస చెక్కమీద లేకపోయింది.

"ఆ మొదటిరోజు తప్ప దొంతర ఏనాడూ లావెక్కలేదమ్మా," అన్నారు మామగారు, తన చేతి కింద వణుకుతున్న స్కేలును వదిలేసి. "నువ్వు ఐదోది పెట్టిన మర్నాటి నుంచే పలకల్ని పలచగా చిత్రిక పడుతున్నాను."