మూత కింద చుక్కలు

"ఏమక్కా, ఈ పొద్దన్నా ఆ మాట ముగుస్తుందా?" సీసాలు కడుగుతూ కెంపమ్మ అడిగింది.

అక్కయమ్మ చేతులు తుడుచుకుని నోటుబుక్కు సంచిలో పెట్టుకుంది.

"నా మనవడు నెల దినాల్లో ఏబీసీడీలన్నీ అప్పజెప్పినాడు. నువ్వు ఒక్క మాటకాడ్నే కూచోనుండావు."

బెంగళూరు పీణ్యలోని ఆ చిన్న షెడ్డులో బ్యాటరీల్లో పోసే నీళ్ళు తయారవుతాయి. డబ్బాల మీద అంటించే చీటీల్లోని మాటే అది. డిస్టిల్. ఆ పాఠం కోసమే అక్కయమ్మ రోజూ నాలుగింటికి పనిలోంచి వెళ్తుంది. మిగతావాళ్ళంతా ఆరింటిదాకా ఉంటారు.

ఆ శనివారం సూపర్‌వైజర్ అశోక్‌కుమార్ ఆమెను గేటు దగ్గర ఆపాడు. నోటుబుక్కు అడిగి తిరగేశాడు. ప్రతి పేజీలో అదే మాట, పదేసిసార్లు.

"చదువుకుంటావని ఇన్ని దినాలు పంపించినానక్కా. ఇట్లయితే యజమానికి నేనేం చెప్పల్ల?"

షెడ్డుకు కొత్తగా కొన్న నీళ్ళ ఫిల్టరు అట్టపెట్టె నుంచి ఇంగ్లీషులో పేరున్న ముక్క చింపి ఆమె చేతిలో పెట్టాడు.

"ఈ మాటకు అర్థం మాస్టారితో రాయించుకోని రా. లేదంటే సోమవారం నుంచి నువ్వూ అందరి మాదిరే ఆరింటిదాకా ఉండల్ల."

భర్త పోయాక, యాభై రెండేళ్ళ వయసులో అక్కయమ్మ పలక పట్టింది. చర్చి హాల్లో ప్రభుదాసు మాస్టారు పెద్దవాళ్ళ కోసం పెట్టిన బడి అది. మూతపడి రెండేళ్ళయింది. పదిహేనుమందిలో ఇప్పటికీ ఆయన ఇంటికి వెళ్ళేది ఆమె ఒక్కతే.

ఆ సాయంత్రం మాస్టారి కూతురు కరుణ తలుపు తీసింది. రెండు గ్లాసుల టీ పెట్టి లోపలికి వెళ్ళి పడుకుంది. ఆమె నర్సు. రాత్రి డ్యూటీ. ఆమె పడుకుంటే ఆ ఇంట్లో రేడియో కూడా మోగదు. అక్కయమ్మ గదిలో అయితే మోగడానికి రేడియోనే లేదు.

"పేరు?" హాజరుపట్టీ ముందున్నట్టే మాస్టారు అడిగారు.

"అక్కయమ్మ, సార్."

ఆమె అట్టముక్క బల్ల మీద పెట్టింది. మాస్టారు దాన్ని చాలాసేపు చూశారు. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. ఆయన వేలు అక్షరాల మీద కొంత దూరం నడిచి ఆగింది.

"పాత పాఠం రాకుండా కొత్తది ఉండదమ్మా నా దగ్గర."

"ఇదొక్కటి రాసియ్యండి సార్. లేకుంటే ఇంక నన్ను నాలుగింటికి పంపరు."

ఆయన అట్టముక్కను బోర్లించారు.

"ముందు పాతది."

అక్కయమ్మ నోటుబుక్కు తెరిచింది.

"డిస్టిల్ అంటే ఏంది సార్?"

మాస్టారు నిటారుగా కూర్చున్నారు. వేడి టీ గ్లాసు మీద స్టీలు మూత పెట్టారు. కాసేపాగి, తీసి, తిప్పి చూపించారు.

"టీ ఎర్రగా ఉంది. ఈ చుక్కలకు రంగుందా?"

"లేదు సార్."

"రుచి చూడు."

ఆమె ఒక చుక్క వేలికి తీసుకుని నాలుక మీద పెట్టుకుంది. "తీపి కూడా లేదు."

"అదీ. మరిగించి, ఆవిరి పట్టి, ఆ ఆవిరిని చల్లార్చి మళ్ళీ నీళ్ళు చేయడం. వడకట్టడం కాదు. గుడ్డలో వడకడితే చక్కెర ఆగుతుందా? వాళ్ళు నీటిని డిస్టిల్ చేస్తారు. నిన్న చేసి ఉంటే, డిస్టిల్డ్. పదిసార్లు రాయి."

ఆమె రాసింది. ఆయన ఎర్రసిరాతో టిక్కు పెట్టారు.

"మంచి బుర్రమ్మా నీది. ఒక్కసారి చెప్పగానే పట్టుకున్నావు."

అక్కయమ్మ తలొంచుకుని, చల్లారిన టీ తాగింది.

సోమవారం పొద్దున అశోక్‌కుమార్ బల్ల మీద, ఒక్క తప్పు కూడా లేని ఇంగ్లీషులో అక్కయమ్మ రాసిన చీటీ ఉంది: "పొద్దున రెండు గంటలు ముందే వస్తాను, నాలుగింటికి మాత్రం నన్ను పంపండి సార్, ఇంత చదువు నాకు నేర్పిన మాస్టారికి ఇంకా గుర్తున్న పాఠం ఆ డిస్టిల్ ఒక్కటే."