కప్పు పడని ఇల్లు

“ఇంకాస్త బిగించు. సందులోంచి గాలి దూరిందంటే గాలిపటమే,” అంది బోర్గిల్, నిచ్చెన పట్టుకుని.

పైన దూలాల మీద కూర్చుని ఆమె మొగుడు హాల్వర్ టార్పాలిన్ తాడు బిగిస్తున్నాడు. రేపు సాయంత్రానికి మంచు పడుతుందని రేడియో చెప్పింది. గోడలు లేచాయి, దూలాలు పడ్డాయి, పైకప్పుకి తెచ్చిన పలకరాయి పెరట్లో దొంతులుగా ఉంది. వేయడమే మిగిలింది. నేల చెక్కల్లోకి నీళ్లు దిగితే వసంతానికి మొత్తం కుళ్లిపోతుంది. అందుకని ఏటా ఇంటికి ఈ దుప్పటి కప్పి, ఇద్దరూ పక్కనున్న రెండు గదుల చెక్క కొంపలో చలికాలం గడుపుతారు.

ఇంతలో వాకిట్లో ట్రాక్టర్ ఆగింది. పొరుగు రైతు స్వెర్రె దిగాడు. వెనకాల పదకొండు మంది, చేతుల్లో సుత్తులు.

“దిగన్నా! ఇల్లు కట్టి చూడమన్నారు గానీ, కడుతూనే ఉండమన్నారా? పొద్దుగూకేలోగా కప్పు వేసేస్తాం. మాకు కాఫీ, వేడి అట్లు చాలు.”

ఆ లోయలో ఎవరి పని ఆగిపోయినా ఊరు కదిలొచ్చి ఊరికే చేసిపెడుతుంది. వద్దన్నవాడు ఇంతవరకూ లేడు. హాల్వర్‌కి నిజంగానే భయమేసింది. పన్నెండు మంది చెయ్యేస్తే చీకటి పడేసరికి పైకప్పు అయిపోతుంది.

“దూలం అరంగుళం వంగింది,” అన్నాడు. “విప్పి మళ్లీ వెయ్యాలి.”

స్వెర్రె పైకెక్కి రసమట్టం పెట్టాడు. “బుడగ నడిమధ్యన ఉంది. వంకర నీ కళ్లలో ఉంది.”

“పలకలు తడిసిపోయాయి.”

“రాయి తడిస్తే ఏమవుతుందన్నా, జలుబు చేస్తుందా?”

అందరూ నవ్వారు. హాల్వర్ దగ్గర సాకులు అయిపోయాయి. పెళ్లాం వైపు చూశాడు.

“ఆ రాయి రంగు నాకు నచ్చలేదు,” అంది బోర్గిల్. “వెనక్కి పంపించేస్తున్నాం.”

“ఏరి కోరి తెచ్చుకుంది నువ్వేగా వదినా!”

“అప్పుడు నచ్చింది. ఇప్పుడు నచ్చలేదు. మనసన్నాక మారదా?”

ఉప్పూ నిప్పుగా పేరుపడ్డ ఆ మొగుడూ పెళ్లాం ఒక్క మాట మీద నిలబడటం ఊరు చూడటం అదే మొదలు.

“అయితే వచ్చినవాళ్లం వచ్చినట్టే పోవాలా?” స్వెర్రె ముఖం మాడ్చుకున్నాడు.

“పోవడమెందుకు? ఎలాగూ వచ్చారు, ఈ టార్పాలిన్ కప్పి పెట్టండి.”

పన్నెండు మందీ కప్పారు. అంచుల మీద బద్దలు పెట్టి మేకులు కొట్టారు, కిటికీలకి ప్లాస్టిక్ బిగించారు. అట్లు తిన్నారు. “కప్పు వేసినా ఇంత పనే అయ్యేది,” అని గొణుక్కుంటూ స్వెర్రె ట్రాక్టరెక్కాడు.

వాకిలి ఖాళీ అయ్యాక హాల్వర్ అడిగాడు.

“రంగు నిజంగానే నచ్చలేదా?”

“బంగారంలా ఉంది. నీ దూలం?”

“తిన్నగానే ఉంది.”

బోర్గిల్ నవ్వు ఆపుకుంటూ మిగిలిన అట్టు అతని పళ్లెంలో వేసింది.

ఇల్లు పూర్తి కాగానే అమ్మేసి విడిపోదామని ఇద్దరూ సంతకాలు పెట్టి తొమ్మిదేళ్లయింది.