ఏప్రిల్ ముప్పై ఒకటి

"పన్నెండూ నువ్వే సరిచేసేసినావా, యశ్వంతా?"

ఛాయాదేవి గొంతులో మెప్పు కోసం ఎదురుచూసిన యశ్వంత్‌కు అది వినిపించలేదు. చిన్న గ్రంథాలయాలు వాడుకునే, ఎవరైనా చూసి దిద్దగలిగే ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను స్వచ్ఛందంగా రాసే నలభై మందికి పనులు పంచేది ఆవిడే. బసవనగుడిలోని పఠనమందిరం మేడమీద, ప్రతి నెలా రెండో శనివారం అందరూ కలిసే బల్ల ముందు కూర్చుని, పనుల జాబితాను పైకీ కిందికీ జరిపి చూస్తోంది. 'సులువైనవి' అన్న శీర్షిక కింద ఉన్న పన్నెండు చిన్న తప్పుల్లో ఒక్కటీ మిగల్లేదు.

"రెండు గంటల పని అక్కా. ఎన్ని దినాలని అట్లే పెట్టుకుంటాము?"

"నాకు చేతగాక పెట్టుండానా అప్పా? కొత్తగా వచ్చేవాళ్లకని పెట్టుండేవి అవి."

ఆనాడు కొత్తగా రానున్నది రమ్య ఒక్కతే. జిగణిలోని ఒక మందుల కర్మాగారంలో పనిచేస్తూ సొంతంగా ప్రోగ్రామింగ్ నేర్చుకుంది. వస్తానని నాలుగు రోజుల ముందే మెయిలు పెట్టి, ఉన్న ఒక్క సెలవునూ వదులుకుని, రెండు బస్సులు మారి వస్తోంది. తొలిరోజే ఏదో ఒక చిన్న తప్పును తన చేత్తో దిద్ది, తన పేరు అందులో చేరడం చూసుకున్నవాళ్లే మళ్లీ వస్తారని, ఊరకే చూసి వెళ్లినవాళ్లు రారని ఛాయాదేవి అనుభవం. అందుకే అతడు దిద్దినవాటిలో ఒకదాన్ని వెనక్కు తీసి, ఆ తప్పును మళ్లీ ఉన్నట్టే ఉంచమని అడిగింది. ఇంకా గ్రంథాలయాలకు చేరని ప్రయోగ ప్రతే కదా, సాయంత్రానికి ఆ పిల్లే సరిచేస్తుంది, ఎవరికీ నష్టం లేదని నచ్చజెప్పింది కూడా.

యశ్వంత్ ముఖం ముడుచుకున్నాడు. తెలిసి తెలిసి తప్పు పెట్టడం తన వల్ల కాదన్నాడు. అది కొత్తవాళ్లను మోసం చేయడమేనన్నాడు.

"నేను వచ్చిన దినం నాకెవరు తీసిపెట్టినారక్కా? నేనే వెతుక్కోలేదా?"

ఆ కథ అక్కడ అందరికీ కంఠస్థం. మూడేళ్ల కిందట, మొదటిసారి వచ్చి కూర్చున్న గంటలోపలే, పాఠకులకిచ్చే చీటీ మీద 'ఏప్రిల్ 31లోగా పుస్తకం తిరిగి ఇవ్వాలి' అని పడుతోందని కనిపెట్టినవాడు అతడు. అంతమంది కళ్లుగప్పిన తప్పును పట్టుకున్నానన్న ధీమాతోనే మరుసటి నెలా వచ్చాడు. ఇప్పటికి నాలుగు వందల మార్పులు చేశాడు.

ఛాయాదేవి కళ్లజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుంది.

మెట్లమీద చెప్పుల చప్పుడయింది. రమ్య గుమ్మంలోనే ఆగి, బొమ్మసంద్ర కాడ బస్సు దొరకలేదని క్షమాపణగా చెప్పుకుంది. సంచీలోంచి పాత ల్యాప్‌టాప్ తీసి, యశ్వంత్‌నే అడిగింది: "నాకు పెద్దగా రాదు సార్. చేసేదానికి ఏమన్నా చిన్నది ఉండాదా?"

యశ్వంత్ తన మొదటి దిద్దుబాటును చూపించి, వెతికితే దొరుకుతుందని ధైర్యం చెబుదామనుకున్నాడు. ఆమె గుమ్మం దగ్గరి హాజరు పుస్తకంలో పేరు రాస్తుండగా, మూడేళ్లనాటి మార్పుల చరిత్ర తెరిచాడు. ఏ లైను ఎవరు, ఎప్పుడు రాశారో అందులో తేదీతో సహా ఉంటుంది. ఇన్నేళ్లూ అతడు తాను దిద్దినదే చూసుకున్నాడు గాని, దానికి ముందున్నదాన్ని చూడలేదు.

ఇప్పుడు ఆ పాత లైను పక్కనున్న పేరూ తేదీ చదివాడు.

"కింద టీ చేస్తా ఉండారు, తాగి రా అమ్మా. ఐదు నిమిషాల్లో నీకొకటి తీసిపెడతాను" అని రమ్యను పంపి, పొద్దున దిద్దిన పన్నెండింటిలో ఒకదాన్ని మునుపటిలాగే వెనక్కు పెట్టాడు.

"మోసమంటివి కదప్పా?" అంది ఛాయాదేవి.

యశ్వంత్ ల్యాప్‌టాప్‌ను ఆవిడ వైపు తిప్పాడు. ఏప్రిల్‌కు ముప్పై ఒక్క రోజులిచ్చిన లైను పక్కన ఛాయాదేవి పేరుంది. తేదీ, అతడు మొదటిసారి ఆ మెట్లెక్కిన రోజుకు ముందురోజు.