"స్పష్టమే" అన్న మాట

జపాన్‌లోని సెందాయ్ నగర విశ్వవిద్యాలయంలో మా గురువు ఒనొదెరా సెన్సే వీడ్కోలు ప్రసంగం. ఆయన దగ్గర చదివినవాళ్లం చేతిలో కాగితం లేకుండానే బోర్డు ముందు నిలబడేవాళ్లం. నోట "స్పష్టమే" అన్న మాట వచ్చిందా, "ఎందుకు?" అని పట్టుకునేవారు. జవాబు చెప్పేదాకా కూర్చోనిచ్చేవారు కాదు.

ఇవాళ ఆయనే బోర్డు మీద రెండు రకాల సగటులు రాశారు. సంఖ్యలకైతే మొదటిది రెండోదాన్ని మించదు. మాత్రికల్లాంటి ఆపరేటర్లకూ అంతే అనాలంటే ఆ సగటుల నిష్పత్తి 'ధన నిశ్చిత' అనే ప్రత్యేక రకం ప్రమేయమని ఋజువు చెయ్యాలి. ఆయన చివరి సిద్ధాంతమంతా దాని మీదే నిలబడింది.

"అది స్పష్టమే," అనేసి ముందుకు వెళ్లిపోయారు.

కుర్చీలో కుదురుగా ఉండలేకపోయాను. నాకు స్పష్టంగా లేదు. అడిగితే అందరి ముందూ ఆ సిద్ధాంతం కూలిపోవచ్చు. అడగకపోతే ఆయన దగ్గర నేను నేర్చుకున్నదేమిటి? అసలు పొరపాటు నాదేనేమో!

"ఎందుకు, సెన్సే?"

ఆయన గిరుక్కున తిరిగారు. "హమ్మయ్య, అడిగావా కిరిహారా! ఇది నీ థీసిస్‌లోదేనమ్మా. గుర్తులు మార్చానంతే. థీసిస్ వినిపించిన రోజు ఇక్కడే నిలబడి 'స్పష్టమే' అన్నావు. ఎంత గింజుకున్నా నాకు ఋజువు దొరకలేదు."

"మరి అప్పుడే అడగలేదేం?"

"నోరు తెరిస్తే 'తప్పేమోనండీ' అనేదానివి. ఆ ఒక్కరోజే బెదురు లేకుండా మాట్లాడావు. ఆపబుద్ధి కాలేదు."

సుద్దముక్క నా వైపు చాపారు. "ఇప్పుడు అడుగుతున్నా. ఎందుకు?"

అందుకున్నాను.

"తెలియదు, సెన్సే," అన్నాను. గొంతు వణకలేదు.