లేని కాలి మీద రాయి

"ఆ రాయి తీసీయే కనకం. వేళ్ళు నలిగిపోతన్నాయి."

కనకం దుప్పటి ఎత్తి చూపించింది. ఆదినారాయణకు కుడి కాలు తొడ సగం దాకానే ఉంది. కట్టు పొడిగా ఉంది. పాదం ఉండాల్సిన చోట పరుపు ఉంది.

"సూడు. ఏటుందక్కడ?"

"ఏటీ లేదని నాకూ తెలుసు. అయినా రాయుంది. బొటనవేలు కిందకి మడిసి, పైన పెట్టీసినారు."

పక్క మంచం మీద శంకరరావు పేకముక్కలు కలుపుతున్నాడు. బిలాస్‌పూర్ యార్డులో ఇద్దరూ ఒకే గ్యాంగు, ఒకే వ్యాగను కింద పడ్డారు. పట్టాలకు చెరో పక్క ఉన్నారు గనక ఆదినారాయణకు కుడి కాలు పోయింది, శంకరరావుకు ఎడమది. ఒకే పూట ఇద్దరికీ ఆపరేషను జరిగింది. మత్తు దిగిన దగ్గర్నుంచి శంకరరావు ఒక్క ఇంజెక్షను అడగలేదు. వేళకు తింటున్నాడు, వేళకు పడుకుంటున్నాడు.

"పోయినోళ్ళకి దినం సేస్తారు గానీ ఇంజెక్షను ఇస్తారేటి వదినా?" అన్నాడు శంకరరావు. వార్డులో తెలుగు తెలిసినవాళ్ళు నవ్వారు. ఆదినారాయణ తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

రౌండ్సుకు వచ్చిన డాక్టరు హిందీలో ఓపిగ్గానే చెప్పాడు. కాలు తీసేసినా నరాలు దాన్ని మరిచిపోవట, కొన్నాళ్ళు ఇలా ఉంటుందట. మందు ఇంకా పెంచితే అలవాటైపోతుందట. ఆ తర్వాత అసలు సంగతి చెప్పాడు. సిగ్నలు దీపాల గదిలో కూర్చుని చేసే పని ఒక్కటే ఖాళీగా ఉంది. ఇద్దరిలో ఎవరు పనికొస్తారో రాసి పంపమని ఆఫీసువాళ్ళు అడిగారు. ఇలా అరిచే మనిషి పేరు ఎలా రాయమంటావు అని కనకాన్నే అడిగాడు.

ఆ పని రాకపోతే క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. కనకం పుట్టింది కూడా రైల్వే క్వార్టర్‌లోనే. ఇంకో ఇల్లు ఆమె ఎరగదు.

డాక్టరు వెళ్ళగానే ఆమె మెట్లు దిగి నూకరాజు దగ్గరికి వెళ్ళింది. ఆపరేషను గదిలో మిగిలినవాటిని తీసుకెళ్ళి పాతిపెట్టే అటెండరు అతను. పలాస వైపువాడు, అక్కని అప్పా అనేవాడు. కాలు ఎక్కడ పెట్టావని అడిగింది. అర్పా నది ఒడ్డున ఇసకలో, పక్కపక్కనే రెండు గోతులు తీశానన్నాడు. ఒకసారి చూసి, మీద ఏదైనా ఉంటే తీసి, వేళ్ళు సరిచేసి రమ్మంది.

"కప్పెట్టినది మళ్ళీ తియ్యకూడదప్పా," అన్నాడు నూకరాజు.

కనకం కదల్లేదు. కాసేపటికి అతనే లేచి పార అందుకున్నాడు.

ఆమె పైకొచ్చి మొగుడి చెయ్యి పట్టుకుని కూర్చుంది. కిటికీలోంచి ఎండ మంచం మీదికి జరిగింది. ఆదినారాయణ గోళ్ళు ఆమె మణికట్టులో దిగబడి ఉన్నాయి. ఉన్నట్టుండి ఆ పట్టు వదులైంది. నోట్లో తువ్వాలు తనే తీసుకున్నాడు.

"తీసీసినారు," అన్నాడు.

"ఎవులు?"

"తెలీదు. బొటనవేలు తిన్నగా సాపినారు. ఇసక సల్లగా తగుల్తంది."

ఇసక మాట కనకం అతనికి చెప్పలేదు. అతను అప్పటికే నిద్రపోయాడు.

సాయంత్రం డాక్టరు వచ్చి, ఇంజెక్షను లేకుండా నిద్రపోతున్న మనిషిని చూసి "అచ్ఛా" అన్నాడు. కనకం పని సంగతి ఎత్తింది. కాగితం మధ్యాహ్నమే వెళ్ళిపోయిందన్నాడు. శంకరరావు పేరు రాశాడట. అంత నొప్పిని కిక్కురుమనకుండా ఓర్చుకున్నవాడికి దక్కడమే న్యాయం కదా అన్నాడు. కనకానికీ న్యాయమే అనిపించింది.

ఏమైనా, మనిషి నిద్రపోయాడు. ఆ మాట చెప్పి దణ్ణం పెడదామని కిందికి దిగింది. నూకరాజు కొళాయి కింద పార కడుగుతున్నాడు. తలెత్తలేదు.

"రాయుందా తమ్ముడూ?"

"ఉంది. కుక్కలు తవ్వకుండా రెండిటి మీదా నానే పెట్టినాను. ఒక గోతిలో ఇసక కుంగిపోయి రాయి లోపలికి దిగిపోనాది. బొటనవేలు మడతపడి దాని కిందుంది. తీసి, సరిసేసినాను."

కనకం చేతులు జోడించింది.

"ఏ గోతిలో ఏది పెట్టినానో గురుతులేక రెండూ తవ్వినానప్పా," అన్నాడు నూకరాజు. "రెండోదాని మీదకి రాయి దిగలేదు. వేళ్ళు తిన్నగానే ఉన్నాయి."

పార పక్కన పెట్టి చేతులు మళ్ళీ కడుక్కున్నాడు.

"రాయి కిందున్నది ఎడమ కాలు."