బెల్టు కింద గుడ్డ

తల్లీ, ఆ రోజు మీ నాన్న మణికట్టుకి చుట్టిన బెల్టు కింద గుడ్డ ఎందుకు పెట్టావని ఇంకా అడుగుతూనే ఉన్నావు. నోటితో చెప్పలేక ఈ కార్డు రాస్తున్నాను.

పికప్ బండిలోకి సైకిళ్లు ఎక్కిస్తున్నాం. నీ చేతిలో ఒకటి జారి, రంగు మీద గీత పడింది. "కళ్లు నెత్తికెక్కాయా?" అంటూ మీ నాన్న బండి మీద నుంచే సైకిల్ గొలుసుతో నిన్ను కొట్టాడు. నీ నుదురు చిట్లి రక్తం కారింది. మళ్లీ గొలుసెత్తాడు.

మీ నాన్న రెండో చెయ్యి బండి కమ్మీ మీద ఉంది. సైకిల్ కదలకుండా వేయబోతున్న బిగింపు బెల్టును కమ్మీతో కలిపి ఆ చేతికి చుట్టాను. రంగు గీసుకుపోకుండా సైకిళ్లకు పెట్టినట్టే, కింద పాతగుడ్డ దోపి, బెల్టు బిగించే పిడి తిప్పాను.

"వదలవే, చంపేస్తా!"

గొలుసు నా వీపు చీల్చింది. దేవుణ్ణి తలచుకుంటూ ఇంకా బిగించాను.

నువ్వు పిలుచుకొచ్చిన పోలీసులతో, "తల్లీకూతుళ్లు కలిసి నన్ను కొట్టారు సార్" అన్నాడు.

"ఏదీ, దెబ్బ చూపించు."

బెల్టు విప్పితే ఒక్క గీత కూడా లేదు. అప్పుడు మన ఒళ్లు చూశారు.

జాలిపడ్డాననుకున్నావు కదూ? మీ నాన్నకు చూపించుకోవడానికి ఏమీ ఉండకూడదనే పెట్టానమ్మా.

ఈ కార్డు దాచుకో. ఎవరికీ చూపించకు.