ఏ వరసా కాదు

"నువ్వు ఎవరికి పుట్టినావో తెలుసుకోవల్లంటే నా ఇల్లే దొరికిందా నీకు?"

ధనశేఖర్ ఆ మాట వీధి మొత్తం వినాలనే అన్నాడు. అందుకే ముందుగా షెడ్డులో మరమగ్గాలు ఆపించాడు. నగరిలో పట్టపగలు మగ్గాల చప్పుడు ఆగిందంటే ఎవరైనా బయటికొచ్చి చూస్తారు. చూశారు.

స్టెల్లా మెట్లెక్కకుండా కిందే నిలబడింది. అరక్కోణంలో అనాథాశ్రమంలో పెరిగింది. అక్కడే బట్టలు కుట్టే షాపు పెట్టుకుంది.

కన్నవాళ్లెవరో తెలుస్తుందేమోనని డీఎన్ఏ పరీక్షకు ఉమ్ము పంపింది. దగ్గరి చుట్టమంటూ కిరణ్ పేరు వచ్చింది. చెన్నైలో సరదాకి ఆ పరీక్ష చేయించుకున్న కిరణ్, ధనశేఖర్‌కు మేనత్త కొడుకు. అతను వాళ్లమ్మ దేవకమ్మకు కూడా చేయించాడు. చుట్టరికం ఆమె వైపు నుంచే అని తేలింది.

దేవకమ్మకు తోడబుట్టినవాడు ఒక్కడే. మునెయ్య. ధనశేఖర్ నాయన. పోయినేడు కాలం చేశాడు.

ఏ ఏడు పుట్టావని అడిగితే స్టెల్లా చెప్పింది. అది ధనశేఖర్ పుట్టిన ఏడే. దాంతో అతనికి ఒళ్లు మండిపోయింది.

"అంటే మాయమ్మ నన్ను కడుపులో మోస్తా ఉంటే, మా నాయన ఇంకో కొంప సూసుకున్నాడంటావు. అంతేనా?"

తానేమీ అనడం లేదనీ, ఆస్తిలో గుంట నేల కూడా వద్దనీ, మునెయ్యగారి ఫొటో ఒక్కసారి చూపిస్తే చూసి వెళ్లిపోతాననీ అందామె.

చూపించలేదు.

లోపల గదిలో ఉన్న అతని తల్లి నాగరత్నమ్మ బయటికే రాలేదు. చచ్చిపోయిన మొగుడి మీద ఇంత మాట పడితే ఏ ఆడది తట్టుకుంటుందని ధనశేఖర్ ఇంకా రెచ్చిపోయాడు. తానూ ఉమ్ము ఇస్తానన్నాడు. కలవకపోతే మాత్రం ఈ వీధిలోనే, ఈ జనం ముందే, చేతులెత్తి దండం పెట్టి తప్పు ఒప్పుకోవాలన్నాడు.

స్టెల్లా సరేనంది.

అతని ఉమ్మును పంపిందీ, ఫలితం వస్తే ఫోనులో చూసిందీ కిరణే. కలవలేదని కబురు చేశాడు. ఒప్పుకున్న మాట ప్రకారం స్టెల్లా వచ్చింది.

మళ్లీ మగ్గాలు ఆగాయి.

"నాకూ ఈ అన్నకూ రక్తం కలవలేదు. నేను ఆయనకు ఏ వరసా కాను," అంది స్టెల్లా చేతులు జోడించి. "మునెయ్యగారి మీద నింద తెచ్చినాను. మన్నించండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. మంచినీళ్లు కావాలా అని కూడా ఎవరూ అడగలేదు. కిరణే ఆమెను బండి మీద బస్టాండుకు తీసుకెళ్లాడు.

అతను తిరిగొచ్చేసరికి ధనశేఖర్ తల్లి మంచం పక్కన కూర్చుని ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది.

"నాయన పేరు నిలబెట్టినాను మా," అంటున్నాడు. "తల్లీ తండ్రీ తెలీని జలమ. మనింట్లో దూరాలని సూసింది."

నోరు విప్పనని కిరణ్ బస్టాండులో స్టెల్లాకు మాటిచ్చి వచ్చాడు. కానీ ఈ మాట విన్నాక ఉండలేకపోయాడు.

"బావా, ఆ యమ్మికీ మాకూ కలిసింది ఇప్పుడూ అట్లే ఉండాది. మాకు కలవంది నువ్వు."

ధనశేఖర్‌కు అర్థం కాలేదు.

"ఆమెకూ తెలుసు. నీకు తెలిస్తే తట్టుకోలేవని, నింద తనమీదే ఏసుకుని పోయింది."

ధనశేఖర్ లేచి కిరణ్ చొక్కా పట్టుకున్నాడు. పట్టుకునే తల్లి వైపు తిరిగాడు. అబద్ధమని ఆమె ఒక్క మాట అంటే చాలు.

ఆమె గోడ వైపు తిరిగింది.

అలా పడుకునే చెప్పింది. మామకు, అంటే మునెయ్య నాయనకు, మగబిడ్డ కావాలి. ఆసుపత్రిలో పక్క మంచం ఆమె మగపిల్లవాణ్ణి కని కన్నుమూసింది. ఆమె కోసం ఎవరూ రాలేదు. మామ ఆ పిల్లవాణ్ణి తెచ్చి నాగరత్నమ్మ ఒళ్లో పెట్టాడు. మునెయ్య తలొంచుకుని నిలబడ్డాడు.

ధనశేఖర్ చేతిలో నుంచి చొక్కా జారిపోయింది. అరక్కోణం బస్సు ఈపాటికి తిరుత్తణి దాటేసి ఉంటుంది.

"అయితే ఆమె ఎవురు మా?" అన్నాడు.

"నేను కన్నది దాన్నే. నిన్ను ఎత్తుకొచ్చేదానికి, దాన్ని ఆ మంచం మీద పండబెట్టి వచ్చినాము."